అత్తగారిని చంపిన శుక్రవారం

ఆ రోజుల్లో కథకి వారం రోజుల ఆయుష్షు ఉండేది. గురువారం సాయంత్రం టీవీలో అరగంట చూపిస్తే మళ్ళీ గురువారం దాకా దాన్నే నెమరేసుకునేవాళ్ళం. ఇప్పుడు రోజూ కుండలకొద్దీ పోస్తున్నారు, ఒక్కటీ ఒంటికి పట్టదు. (మా ఆవిడ ఈ ముక్క చదివితే నాకు కాఫీ ఉండదు. అయినా నిజం నిజమే.) ఆ రోజుల గొప్ప చెప్పడానికే కలం పడతాను గానీ, పట్టినప్పుడల్లా నేను చేసిన ఒక సిగ్గుమాలిన పని తోసుకుని ముందుకొస్తుంది. ఇవాళ దాని సంగతే చెప్పేస్తాను.

అమలాపురం దగ్గర ఒక కొబ్బరి కొట్లో నాకు పని. కాయను చెవి దగ్గర ఆడించి, నీళ్ళ చప్పుడు విని, ఏది ఏ గుట్టలోకి పోవాలో చెప్పాలి. బడి చదువు ఐదో తరగతితో సరి. ఆ పైదంతా పొట్లాల కాగితాల మీదా, లైబ్రరీ బల్ల మీదా సంపాదించుకున్నదే. అందుకని కొట్లో పనిచేసే పన్నెండు మంది ఆడవాళ్ళకీ నేను 'చదువుకున్న బాబుని'. వాళ్ళెవరి ఇళ్ళలోనూ టీవీ లేదు. షావుకారుగారింట్లో ఉంది, గడప దగ్గర కూర్చుని చూసే హక్కు నాకుంది. గురువారం నేను చూడాలి, శుక్రవారం పొద్దున్న వాళ్ళ చేతులు ఆడుతుండగా ఆ కథ చెప్పాలి. అది కొట్టు ఆచారం. ఆ పూట ఏ కాయ పగలగొట్టినా లోపల కొబ్బరి పువ్వు కనిపిస్తే, తియ్యగా దూదిలా ఉండే ఆ పువ్వు కథ చెప్పినవాడిదే. షావుకారు అడిగినా ఇచ్చేవారు కాదు.

సీరియల్లో ఏముందంటే, నడుముకి తాళాల గుత్తి ఉన్న అత్తగారు, కళ్ళనిండా నీళ్ళున్న కోడలు. ఒక వారం గొలుసు పోయేది, మరో వారం దొరికేది, దొరికిన గొలుసు కోడలి పెట్టెలో ఉండేది. సీరియల్‌కి ముందు ఒక నవ్వుల నాటిక వేసేవారు. ఒకసారి అందులో ఒక గుమాస్తా సెలవు కోసం లేని తాతని చంపేస్తాడు. పరామర్శకి ఆఫీసరు బయల్దేరితే, గోడకి తగిలించడానికి ఎవరి తాత ఫొటో అయినా దొరుకుతుందా అని ఊరంతా తిరుగుతాడు. ఒక్క అబద్ధానికి ఇంత అవస్థా అని కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వాను గానీ నేర్చుకోలేదు.

ఒక గురువారం సీరియల్ పాట అయిపోయి బొమ్మ పడబోతుండగా కరెంటు పోయింది. షావుకారుగారి భార్యా నేనూ విసనకర్రలతో విసురుకుంటూ అరగంటసేపు కరెంటు వాళ్ళని తిట్టుకున్నాం. (ఆ కోపం నాకింకా చల్లారలేదు. వేళ చూసి మరీ తీసేవారు.) మళ్ళీ వచ్చేసరికి వార్తలు.

మర్నాడు కొట్లో అడుగు పెట్టానో లేదో, రేడియో వదిన అందుకుంది. నోరు మూయదు కనుక ఆవిడకా పేరు.

"ఏమైందండీ బాబుగారూ? కోడల్ని గెంటేసిందాండీ?"

'కరెంటు పోయింది, నేను చూడలేదు' అంటే సరిపోయేది. కానీ పన్నెండు మొహాలు నా నోటికేసి చూస్తున్నాయి. పీచు గుట్ట మీద అప్పుడే ఒక పువ్వు సిద్ధంగా పెట్టి ఉంది. చదువుకున్నవాడికి తెలియదంటే నామోషీ.

"అత్తగారు పోయింది," అన్నాను.

చేతులన్నీ ఆగిపోయాయి. ఇక ఎలా పోయిందో చెప్పాలి. వాళ్ళలో పెద్దది మామ్మ. కళ్ళల్లో శుక్లాలు, కాయను తడిమి చూసుకుని కొట్టేది. పులుసులో ఉప్పు దగ్గర మాటా మాటా పెరిగి ఆవిడ కోడలు అల్లవరంలో పుట్టింటికి వెళ్ళి నాలుగు నెలలైంది. ఇది కొట్లో అందరికీ తెలుసు. నాకు కథ దొరక్క ఆ పులుసే వాడేసుకున్నాను.

"నూతి దగ్గర జారిపడింది. ఆఖరి ఊపిరితో కోడలి చెయ్యి పట్టుకుని, 'నీ పులుసు బాగుండేదే, ఒక్కనాడూ చెప్పలేదు' అంది. తాళాల గుత్తి ఇచ్చి కన్ను మూసింది."

మామ్మ చేతిలో కాయ జారి కింద పడింది. "అంత పొగరుబోతుదీ... ఆ మాట అందా బాబూ?"

"అంది మామ్మా."

"నువ్వు విన్నావా?"

"ఈ చెవులతో విన్నాను."

శనివారం మామ్మ పనిలోకి రాలేదు. సోమవారం తెలిసింది. అల్లవరం బస్సెక్కి వెళ్ళి, వియ్యంకుల వాకిట్లో నలుగురి ఎదుటా కోడలి గడ్డం పట్టుకుని, "నీ పులుసు బాగుండేదే" అని బతిమాలి తీసుకొచ్చిందట. నాకు సిగ్గు వేయలేదు సుమండీ! నా గొప్పే అనుకుని రెండు పువ్వులు తిన్నాను.

ఆ గురువారమే షావుకారు రంగుల టీవీ కొన్నారు. ఆయన భార్య సరదాపడి కొట్లో ఆడవాళ్ళందరినీ చూడ్డానికి పిలిచింది. పాట అయింది. కరెంటు పోతే బాగుండునని నా జీవితంలో కోరుకున్నది ఆ ఒక్క సాయంత్రమే. పోలేదు. అత్తగారు తాళాల గుత్తి ఊపుకుంటూ మేడ మెట్లు దిగింది.

అంతమందీ టీవీ వదిలేసి నాకేసి తిరిగారు.

"పాత భాగం మళ్ళీ వేస్తున్నట్టున్నారు," అన్నాను.

"పాతదేంటయ్యా?" అంది షావుకారుగారి భార్య. "పోయిన గురువారం కరెంటు లేక నువ్వూ నేనూ విసురుకుంటూ కూచోలేదూ?"

ముందు నవ్వింది రేడియో వదినే. "అయితే మామ్మా, ఎవరు పోయేరని అంత దూరం వెళ్ళి కోడలి గడ్డం పట్టుకున్నావే?"

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. వాళ్ళు నన్ను చూసి నవ్వి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. మామ్మని చూసి నవ్వారు. ఆవిడ బొమ్మ వైపు కాక, నా గొంతు వినిపించిన వైపు మొహం తిప్పింది.

"ఆ తాళాల చప్పుడు అత్తగారిదే అనిపిస్తుందేంటి బాబూ? నువ్వు చెప్పు. అది పోయిందా, లేదా?"

నిజం చెప్పడానికి దేవుడు ఇచ్చిన రెండో అవకాశం అది. నేనేమన్నానో తెలుసా అండీ?

"పోయింది మామ్మా. ఈవిడ దాని కవల చెల్లెలు."

నవ్వి నవ్వి ఒకావిడకి పొలమారింది. మామ్మ మాత్రం వాళ్ళందరి మీదా విరుచుకుపడింది. "నవ్వుతారేంటే? చదువుకున్న బాబు చెబుతున్నాడు, మీకు తెలుసేంటి?"

మర్నాటి నుంచి నేను 'కవలగారు' అయిపోయాను. "కవలగారండీ, ఈ కాయ చూడండీ." (కోనసీమలో వెక్కిరింతకి కూడా గారూ, అండీ తప్పవు.) నాకు పువ్వులు బందు. మామ్మ ఒక్కతే తన కాయలో దొరికిన పువ్వు తడుముకుంటూ తెచ్చి నా చేతిలో పెట్టేది. తినేవాణ్ణి. అవతల ఆ కవల కోసం అందరితో ఆవిడ వాదిస్తుంటే, వాళ్ళు ఆవిణ్ణి ఏడిపిస్తుంటే, నేను కాయ చెవి దగ్గర పెట్టుకుని నీళ్ళ చప్పుడు వింటూ ఏమీ వినపడనట్టు కూర్చునేవాణ్ణి.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. రెండుసార్లూ, "మా బాబు వచ్చేడే!" అని మామ్మ కేకేసింది, కోడలు పులుసు పోసి అన్నం పెట్టింది. తిని వచ్చేశాను. (ఉప్పు ఎక్కువే. ఆ విషయంలో మామ్మ అన్నది నిజం.) మూడోసారి వెళ్దామనుకునేసరికి మామ్మ లేదు. కోడలు నన్ను చూడగానే అప్పుడు కూడా పీట వేసింది.

ఇప్పుడు మా ఇంట్లో అప్పుడప్పుడు సరిగ్గా సీరియల్ వేళకి కరెంటు పోతుంది. మర్నాడు మా ఆవిడ, "నిన్న ఏమైందో మీకేమైనా తెలిసిందాండీ?" అంటుంది. "నేను చూడలేదు, నాకు తెలీదు," అంటాను. చిన్న మాటే, అయినా నోటికి అలవాటు కావడానికి సగం జీవితం పట్టింది. ఆవిడ అంతటితో ఊరుకోదు. "పోనీ, ఏమై ఉంటుందంటారు?" అంటుంది. అప్పుడు లేచి వీధి అరుగు మీదకి వెళ్ళిపోతాను. ఎందుకంటే, ఏమై ఉంటుందో నాకు అప్పటికే అంతా తెలిసిపోయి ఉంటుంది.