బెల్లం పాకానికి గురిపెట్టిన తుపాకి

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనకండి. ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చీమ కుడితే తేలంటాను, తేలు కుడితే పెద్దాసుపత్రి వాళ్ళు కూడా చేతులెత్తేశారంటాను. నేను చెప్పినదాన్ని సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి వినడం మా ఆవిడ పెళ్ళైన వారంలోనే నేర్చుకుంది. మీరూ అలాగే వినండి. ఆ ఆదివారం నేను పడ్డ భయం ఒక్కదాన్ని మాత్రం సగం చేయకండి. అందులో పెంచడానికి నాకే చోటు దొరకలేదు.

చోడవరంలో నాకో జిరాక్సు దుకాణం ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా పెడతాను. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి ఫోన్ మొరాయించినా దాన్ని పసిపిల్లని తెచ్చినట్టు ఒడిలో పెట్టుకుని నా దగ్గరికే తెస్తారు. ఫోన్ ఆపి మళ్ళీ వేయడం తప్ప నాకింకేమీ రాదు. ఆ ఒక్క విద్యతో పదిహేనేళ్ళుగా మేధావిగా చలామణి అవుతున్నాను.

మా అక్కని వడ్డాది వెళ్ళే దారిలో ఒక పల్లెలో ఇచ్చాం. బావకి అరవై దాటాయి. ఊళ్ళో చాలామంది చెరకు కోసి మిల్లుకి తోలేస్తుంటే బావ మాత్రం పొలం గట్టున పందిరేసి సొంత గానుగ పెట్టుకుని బెల్లం వండుతాడు. పొరుగూరి రైతులు కూడా తమ రసం తెచ్చి "బాబూ, పాకం మీరే సూడాలి" అని ఆయన ముందు నిలబడేవారు.

బెల్లం తినేవాళ్ళకి తెలియని సంగతొకటుంది. రసం బండిచక్రమంత పెనంలో రెండు మూడు గంటలు ఉడుకుతుంది. ఆ గంటలు ఎవరైనా వండగలరు. అసలు పనంతా చివరి ఐదు నిమిషాలది. ఒక్క నిమిషం ముందు దించితే గడ్డకట్టక గోనెసంచిలోంచి కారిపోతుంది. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది, గేదె కూడా మొహం తిప్పుకుంటుంది. ఆ నిమిషాన్ని పట్టుకోగలిగినవాణ్ణే వండేవాడంటారు. బావ గరిటె అంచున వేలాడుతున్న పాకాన్ని కాస్త నీళ్ళ గిన్నెలో జార్చి, వేళ్ళతో ఉండ చేసి, గిన్నె అంచుకేసి విసిరేవాడు. అది ఠంగుమంటే "లాగండి" అనేవాడు. గొలుసు లాగగానే పెనం ఒరిగి, పాకం పక్కనున్న చెక్కతొట్టిలోకి జారేది. ఆ ఠంగుకి ఎక్కడో ఉన్న కె.కోటపాడులో కుక్కలు లేచి కూర్చునేవి.

అలాంటి మనిషి చేతికి తుపాకి ఇచ్చిన పాపాత్ముణ్ణి నేనే.

నిజం తుపాకి కాదు. వేడి కొలిచే యంత్రం, పిస్తోలు ఆకారంలో ఉంటుంది. మీట నొక్కితే ఎర్రచుక్క పడుతుంది, వెనక చిన్న తెర మీద అంకె వస్తుంది. మూడేళ్ళ క్రితం ఆన్‌లైన్లో చూసి ముచ్చటపడి తెప్పించాను.

"ఏట్రా బామ్మర్దీ, పాకం సూడ్డం నాకు నువ్వు నేర్పుతావేటి?" అన్నాడు బావ. అంటూనే దాన్ని గేదె మీద గురిపెట్టాడు. టీ గ్లాసు మీద పెట్టాడు. చివరికి మా అక్క నుదుటి మీద పెట్టాడు.

"ముప్పై అయిదే ఉన్నాదేటే? నాలిక కాడ పెడితే వంద దాటుద్ది."

"ముందు మీ బుర్ర కాడ పెట్టుకోండి, సున్నా వస్తది," అంది అక్క.

ఆ ఏడు ముందు ఠంగుమనిపించి, తరవాత తుపాకి పేల్చేవాడు. నూట పద్దెనిమిది డిగ్రీలు వచ్చేది. "సూసేవా, దీనికీ తెలుసురా," అని దాన్ని మెచ్చుకునేవాడు. రెండో ఏడు ముందు తుపాకి, తరవాత ఠంగు. మూడో ఏడు గిన్నెలో నీళ్ళు పెట్టడం కూడా మానేశాడు. నలభై ఏళ్ళుగా వేడి పాకం పట్టి పట్టి చూపుడువేలికీ బొటనవేలికీ కట్టిన కాయలు ఆ ఏడు మెత్తబడ్డాయి. ఆ వేళ్ళతో ఒకప్పుడు నిప్పుకణికని తీసి చుట్ట ముట్టించుకునేవాడు, ఇప్పుడు టీ గ్లాసుకి తువ్వాలు చుట్టి పట్టుకుంటున్నాడు.

నవ్వడానికి నాకు హక్కు లేదు. నేనూ చేతికో గడియారం కట్టుకున్నాను. పొద్దున్నే హుషారుగా లేచి కూర్చుంటాను. రాత్రి నిద్ర సరిగా పట్టలేదని అది చెబుతుంది. వెంటనే ఒళ్ళు నొప్పులు మొదలై, మధ్యాహ్నం దాకా ఆవలిస్తూ జిరాక్సులు వంకరగా తీస్తాను. ఒంట్లో ఎలా ఉందో ఒంటిని అడగడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు.

నిరుడు చలికాలం ఒక పెనం మాడిపోయింది. దించే వేళకి నురగ పైకి పొంగి, తుపాకి ఆ నురగ వేడినే చూపించింది. నూట పదమూడు. పాకం వాసన పందిరంతా కొడుతోంది. బావ ముక్కు ఎగబీల్చాడు, గరిటె ఆపాడు, మళ్ళీ తెర చూసి "ఇంకా అవలేదు" అన్నాడు. తొట్టిలోకి వంపాక చూస్తే దాంతో తారురోడ్డు వేసుకోవచ్చు. చోడవరం నుంచి వడ్డాది దాకా రెండు వరసలు వేసుకోవచ్చు.

అందులో నన్ను భయపెట్టింది మాడిన బెల్లం కాదు. ఆ సాయంత్రం బావ అన్న మాట.

"తుపాకి తప్పు లేదురా. నేనే సరిగ్గా గురి పెట్టలేకపోయేను. సెయ్యి వణికిపోతంది. ముసిలోణ్ణి అయిపోయేను."

అక్క అప్పటికప్పుడు తేల్చేసింది. "ఇంకొక్క పెనం మాడిందంటే గానుగ మూయించేస్తాను. సెరకంతా మిల్లుకి తోలించేస్తాను. మీరు ఇంట్లో కూకోండి."

మా అక్క అన్నమాట వెనక్కి తీసుకోవడం ఈ జన్మలో నేను చూడలేదు. గానుగ మూతబడితే బావ ఏం చేస్తాడో నాకు ఊహకి అందలేదు. ఆయనకి వేరే పని రాదని కాదు. పొలం ఉంది, గేదెలున్నాయి. కానీ పాకం చూడ్డానికి తనని పిలవని ఊళ్ళో ఆయన ఎలా తిరుగుతాడు?

వారం తిరక్కుండా మరో పెనం పొయ్యి మీదికెక్కింది. అదే ఆ ఆదివారం. నేను వెళ్ళేసరికి రసం తెర్లుతోంది. పందిట్లోంచి లేచిన ఆవిరి మబ్బుకట్టి చీడికాడ కొండల మీద జల్లు కురిపించి వెనక్కి వస్తోంది. పొయ్యి నోటి దగ్గర ఎండు చెరకు పిప్పి తోస్తూ ఊళ్ళో ఒకావిడ కూర్చుంది, మా బావకి చెల్లెలి వరస. అక్క గొలుసు దగ్గర నిలబడింది, చేతులు కట్టుకుని. బావ ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో తుపాకి.

"నూట నాలుగు," అన్నాడు. కాసేపటికి, "నూట ఆరు." ఇంకాసేపటికి, "నూట ఎనిమి..."

తెర రెండుసార్లు మిణుకుమంది. తెల్లబడిపోయింది.

"ఒరే! ఇదేటి, ఆరిపోయింది!"

"సెల్లు అయిపోయుంటుంది బావా."

అక్క ఒక్క ఉరుకులో ఇంట్లోకి వెళ్ళి టీవీ రిమోట్‌లోంచి సెల్లులు ఊడబీకి తెచ్చింది. అవి పట్టవు. దానిది చదరపు సెల్లు. ఊళ్ళో దొరకదు. చోడవరం పోయి రావడానికి బండి మీద అరగంట. పాకానికి ఉన్నది పది నిమిషాలు, మహా అయితే.

"మంట తగ్గించీమంటావేటి అన్నయ్యా?" అని అడిగింది పొయ్యి దగ్గరావిడ.

"ఉండమ్మా. తగ్గిస్తే రంగు పోద్ది. ఉంచితే..." బావ పెనంలోకి వంగి చూశాడు.

"వేలితో చూడు బావా," అన్నాను. "నలభై ఏళ్ళు చూసినవాడివి."

గిన్నె తెచ్చి నీళ్ళు పోశాను. పాకం జార్చాడు. వేళ్ళు ముంచి "అబ్బా" అని వెనక్కి లాక్కున్నాడు, మళ్ళీ ముంచాడు. ఉండ చేసి విసిరాడు. టప్‌మంది. ఇంకోటి విసిరాడు. అది ఠంగుమందనే నాకనిపించింది. బావ మాత్రం గిన్నెని చెవి దగ్గర పెట్టుకుని, అందులోంచి ఇంకెవరో సమాధానం చెబుతారేమో అన్నట్టు చూస్తున్నాడు.

"ఏటన్నాదిరా? టప్పా, ఠంగా?"

"నువ్వు చెప్పాలి బావా."

"నాకు తెలవట్లేదురా. వినబడతంది గానీ తెలవట్లేదు."

పొయ్యి సెగకి ఆయన మొహమ్మీద చెమట కారుతోంది, పెదవులు మాత్రం ఎండిపోయాయి. పాకం మీద నురగ చిన్న చిన్న బుడగలుగా మారుతోంది. బుడగ పగిలినప్పుడల్లా నా గుండె మీద ఎవరో చిటికె వేసినట్టుంది. మా అక్క నోరు మూసుకుని నిలబడటం నా యాభై ఏళ్ళలో అదే మొదటిసారి, అందుకే నాకు చెమటలు పట్టాయి.

జేబులోంచి ఫోన్ తీశాను.

"బావా, దీన్లో ఉంది. వేడి చూసే యాప్. కెమెరా పెడితే అంకె చెబుతుంది."

"ముందే సెప్పవేట్రా ఎదవా! పెట్టు, పెట్టు!"

ఫోన్‌ని పెనం మీదికి చాచాను. ఆవిరికి అద్దం మసకబారింది, చొక్కా అంచుతో తుడిచాను. తెర ఆయనకి కనపడకుండా కాస్త తిప్పి పట్టుకున్నాను.

"నూట పదకొండు."

"ఊఁ." గరిటె తిప్పుతున్నాడు, నిదానంగా.

"నూట పదమూడు."

గరిటె ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. "పదమూడేనా? కాదురా, ఇంకా ఉండాలే!"

"ఆ ఆ, ఆవిరి అడ్డొచ్చింది. పదిహేను. నూట పదిహేను."

"అదీ," అన్నాడు. భుజాలు కిందికి దిగాయి. గరిటె ఎత్తి పాకాన్ని దారంలా జార్చి చూశాడు. తనే పాకం చూస్తున్నాడని ఆయనకి తెలిసినట్టు లేదు. "ఇప్పుడో?"

"నూట పదహారు."

పొయ్యి దగ్గరావిడ పిప్పి తోయడం ఆపి నా వైపు చూసింది. అక్క రెండు చేతులూ గొలుసు మీద వేసింది. ఫోన్ జారి పాకంలో పడితే దాన్ని కూడా బెల్లంలో అచ్చు పోసేయాల్సిందే. బావ తల కొద్దిగా పక్కకి వంచాడు, వెనకనుంచి ఎవరో పిలిస్తే విన్నట్టు. ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళు మూసుకున్నాడు. ఒక బుడగ, రెండు బుడగలు. కళ్ళు తెరిచాడు.

"నూట పద్దెనిమిది!" అని అరిచాను.

"లాగండే!" అన్నాడు బావ, నా మాట పూర్తికాకముందే.

అక్కా నేనూ గొలుసు పట్టుకుని వేలాడాం. పెనం ఒరిగింది. పాకం తొట్టిలోకి జారింది, బావ పార పట్టుకుని కలపడం మొదలుపెట్టాడు. చిక్కబడేదాకా ఏదీ తెలియదు. నేను తొట్టి అంచు పట్టుకుని కూర్చున్నాను. పార వెనక పడుతున్న గీతలు మొదట పూడిపోయేవి, తరవాత కాస్త ఆలస్యంగా పూడాయి, తరవాత పూడకుండా నిలబడ్డాయి. రంగు తేలింది. పసుపు పచ్చగా, పండిన మామిడి తొక్కలా.

అక్క అంచున గట్టిపడిన ముక్క గీకి నోట్లో వేసుకుంది. నమిలింది. మా ముగ్గురినీ ఊరికే ఏడిపించడానికి మరో రెండు యుగాలు నమిలింది.

"గానుగ ఉండనీండి," అంది చివరికి. "సూసేం కదా."

బావ నవ్వలేదు, నా భుజమ్మీద చెయ్యి వేశాడు. "నీ ఫోనే నిలబెట్టిందిరా మమ్మల్ని," అన్నాడు.

అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఆ యాప్ తన ఫోన్లో ఎక్కించమని బావ చోడవరం వచ్చి దుకాణంలో కూర్చుంటున్నాడు. నీ ఫోన్‌కి పట్టదన్నాను. అచ్చంగా నాదిలాంటి ఫోనే కొనుక్కుని వచ్చాడు. సర్వర్ లేదన్నాను. "పర్లేదు, వచ్చీదాకా ఉంటాను," అని బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. చెరకు మళ్ళీ కోతకొచ్చింది. నేను లేనిదే పెనం పొయ్యి మీద పెట్టనంటున్నాడు. పొరుగూరి రైతులు పాకం చూడమని పిలవడానికొస్తే "నన్ను కాదు, మా బామ్మర్దిని పిలవండి" అని పంపించేస్తున్నాడట.

అందుకే ఇది రాస్తున్నాను. బావ చదవడు, అక్క చదివి వినిపిస్తుంది. నా మాటలు సగం చేసి వినే అలవాటు ఆ ఇంట్లోనూ ఉంది కాబట్టి ఏ సగం ఉంచుకోవాలో నేనే చెప్పేస్తాను. కుక్కలు, చీడికాడ జల్లు, తారురోడ్డు, ఇవన్నీ పెంచినవి. పెనం, మాడిన వాసన, సెల్లు, అక్క మౌనం, ఇవి జరిగినవి. నేను ఆసాంతం కల్పించింది ఒక్కటే, ఆ అంకెలు. అలాంటి యాప్ నా దగ్గర లేదు, ఉందో లేదో కూడా తెలియదు. బావా, ఆ రోజు ఫోన్ తెర మీద "చోడవరం, ఇరవై ఏడు డిగ్రీలు, ఎండ" అని ఉంది. అంకెలు చెప్పేటప్పుడు నేను దాన్ని చూడనే లేదు. నీ మొహం చూస్తూ చెప్పాను. పదమూడన్నప్పుడు కాదన్నది నువ్వు. నీ ముక్కు అదిరాక, నువ్వు కళ్ళు తెరిచాక నేను అరిచాను.