టెంట్ల బాబాయి జారుముడి

టెంట్ల బాబాయి వేసిన ముడి గాలికి ఊడదు, వానకు సడలదు. కానీ కొస పట్టుకుని ఒక్కసారి లాగితే చాలు, విడిపోతుంది. పెళ్లికి వేసిన షామియానా విప్పి పొద్దున్నే ఇంకో మీటింగుకు వెయ్యాలంటే అలాంటి జారుముడే కావాలి. చిన్నప్పుడు గుంజలు మోస్తూ, చూసి నేర్చుకున్నాడు. "ముడి ఎవడైనా వేస్తాడు. విప్పేటప్పుడు తెలుస్తుంది పనివాడెవడో" అనేవాడు గర్వంగా.

ఏరు పొంగి ఒడ్డు వీధులు మునిగినప్పుడు జనమంతా మెరకమీదున్న ఆటస్థలానికి చేరారు. సర్కారు తరపున పలకరించిన దిక్కు లేదు. ఎవరూ అడక్కుండానే బాబాయి తన టార్పాలిన్లన్నీ తెచ్చి, వెదుళ్లు పాతి, వరసగా గూళ్లు కట్టాడు. మొదటి గూట్లో అతని అక్క, ఆమె కూతురు. కూతురి ఒళ్లో వారం తిరగని పసిగుడ్డు.

"మావయ్యా, మా ఇంటికన్నా ఇదే గట్టిగా ఉంది."

"మీ ఆయన కట్టిన ఇల్లేగా! దానికన్నా గొడుగు నయం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నీళ్లు వచ్చాక వాళ్లు నవ్వడం అదే మొదలు.

మర్నాడు జీపు వచ్చింది. బియ్యమేమోనని జనం లేచారు. దిగిన ఆఫీసరు తెచ్చింది కబురు మాత్రమే. మంత్రిగారు హెలికాప్టరులో వస్తున్నారు, వేదిక కావాలి, పైన కప్పు కావాలి. ఊళ్లో ఉన్న టార్పాలిన్లన్నీ ఈ గూళ్లమీదే ఉన్నాయి.

"మబ్బు కమ్ముకొస్తోంది సార్. పసిపిల్లలున్నారు" అన్నాడు బాబాయి.

"ఆయన వెళ్లగానే మళ్లీ కట్టేద్దువుగాని. ఆయన చూస్తేనే కదయ్యా సాయం వచ్చేది! అయినా, రేపట్నుంచి సర్కారు పనులు నీకక్కర్లేదా?"

ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఒక్క మాటకే బాబాయి మొదటి గూటి దగ్గరికి నడిచాడు. కొస పట్టుకుని లాగాడు. ముడి బిగుసుకుందని చెప్పి తప్పుకోవడానికీ వీల్లేకపోయింది. అంత తేలిగ్గా వచ్చేసింది. అక్క కూతురు బిడ్డను కొంగులో దాచుకుంది.

పక్క గూట్లోని ముసలాయన ఊరుకోలేదు. "కట్టేటప్పుడు బాబాయివి, విప్పేటప్పుడు బంట్రోతువి!"

వేదిక లేచింది. కప్పులో ఒక్క ముడత లేదు. వాన మొదలైంది. జనాన్ని తాడు అవతల నిలబెట్టారు. హెలికాప్టరు వచ్చి, ఆటస్థలం చుట్టూ ఒకసారి తిరిగి, దిగకుండానే వెళ్లిపోయింది.

"పైనుంచి అంతా చూశారు" అన్నాడు ఆఫీసరు.

"పైనుంచి మేమెక్కడ కనిపిస్తాం బాబూ? ఈ కప్పు కనిపించుంటుంది" అన్నాడు ముసలాయన.

మొత్తం ఆటస్థలంలో తడవనిది మంత్రిగారి కోసం వేసిన ఖాళీ కుర్చీ ఒక్కటే. దాన్ని చూస్తుంటే బాబాయికి తల కొట్టేసినట్టయింది.

టార్పాలిన్ భుజాన వేసుకుని అక్క కూతురి దగ్గరికి వెళ్లాడు. బిడ్డ ఏడుపు మానేసి వణుకుతోంది. అతను తాడు అందుకోబోయాడు. ఆమె బిడ్డను తల్లి చేతికిచ్చి, ఆ తాడు లాక్కుంది.

"నువ్వు కట్టకు మావయ్యా."

తనే చుట్టింది. ముడిమీద ముడి, దానిమీద ఇంకో ముడి. అందులో పనితనం ఏమీ లేదు. విప్పాలంటే కత్తితో కోయాల్సిందే. బాబాయి వెదురు కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకో ముడి వెయ్యమ్మా" అన్నాడు తలెత్తకుండా.