వద్దన్నకొద్దీ జీడిపప్పు

ఇంగ్లండులో ఒక బడి మొత్తాన్ని, పిల్లలూ టీచర్లూ వంటవాళ్ళతో సహా, మధ్యాహ్నం భోజనాల వేళ చలిలో నిలబెట్టిన ఘనుడు మన జిల్లాలో ఒకడున్నాడు. ఆ ఘనుణ్ణి నేనే. అక్కడ ఏ పిడుగో పడిందనుకునేరు. అంతా గుప్పెడు జీడిపప్పు వల్ల జరిగింది.

అప్పట్లో నేను నరసన్నపేట దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టార్ని. ఉద్యోగం కొత్త, మీసం కొత్త, పాస్‌పోర్టు మరీ కొత్త. మా బడికీ, ఇంగ్లండులో ఒక చిన్న ఊరి బడికీ జోడీ కుదిర్చే ఏర్పాటు ఒకటి వచ్చింది. కుదిరితే మా పిల్లలూ వాళ్ళ పిల్లలూ వారం వారం వీడియోలో కలిసి పాఠాలు చదువుకుంటారు. ముందు మేం వెళ్ళి కలవాలి, మేం నచ్చితే వాళ్ళు సరే అంటారు. పెళ్ళిచూపులే అనుకోండి, కాకపోతే ఇక్కడ పిల్ల తరఫు వాళ్ళమే విమానం ఎక్కాం. నాతోపాటు సైన్సు చెప్పే పార్వతి మేడమ్ వచ్చారు. ఆవిడ సర్వీసు ఇంచుమించు నా వయసంత.

బయల్దేరే రోజు హెచ్చెమ్ గారు నన్ను పక్కకి పిలిచారు.

"మన పిల్లలు అప్పుడే అద్దం ముందు నిల్సోని ఇంగ్లీషు ప్రాక్టీసు సేస్తన్నారు బాబూ. ఆళ్ళ సేత సరే అనిపించుకుని మరీ రావాల. నేదంటే ఈ పిల్లలకి నువ్వే సెప్పుకోవాల" అన్నారు.

ఆ మాటతో నాకు బాధ్యత తలకెక్కింది. ఉత్త చేతులతో వెళ్తే ఏం మర్యాద? పలాస వెళ్ళి, సంచి నిండా మేలురకం జీడిపప్పు, విరగని గుళ్ళే ఏరించి తెచ్చాను. పార్వతి మేడమ్ సంచి చూసి, "ఎవులికైనా పెట్టే ముందు ఓపాలి అడుగు బాబూ" అన్నారు.

"జీడిపప్పు వద్దనేవాళ్ళు కూడా ఉంటారా మేడమ్?" అన్నాను, లోకమంతా తిరిగొచ్చినవాడిలా.

మొదటి రోజు అంతా బ్రహ్మాండంగా గడిచింది. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ హెలెన్ గారు మమ్మల్ని అపురూపంగా చూసుకున్నారు. రెండో రోజు పార్వతి మేడమ్ ఒక క్లాసులో పిల్లలకి ముగ్గులు నేర్పుతున్నారు. నేను సంచి పట్టుకుని నేరుగా భోజనాల హాల్లోకి నడిచాను.

"హెలెన్ గారూ, మా ఊరి జీడిపప్పు!" అంటూ సంచి మూతి విప్పాను.

ఆవిడ గబుక్కున వెనక్కి తగ్గారు. "ఎంత అభిమానం మీకు! కానీ వద్దండీ."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా ఇళ్ళలో మొదటి 'వద్దు'కి అర్థం 'మళ్ళీ అడగండి' అని. రెండో 'వద్దు' అంటే 'కొంచెం వెయ్యండి' అని. మూడోసారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారా, వేళ్ళ సందుల్లోంచి వడ్డించాలి. అలా వడ్డించకపోతే ఆ చుట్టం మళ్ళీ గడప తొక్కడు. నేనా ఇంట్లో పెరిగినవాణ్ణి.

"మొహమాటపడకండి!" అన్నాను.

"మొహమాటం కాదు, నిజంగా వద్దు."

"ఒక్క పలుకు!"

"దయచేసి వద్దు!"

మూడోది వచ్చేసింది. నా ఆనందానికి అంతులేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని గుప్పెడు పోశాను. ఆవిడ కెవ్వుమన్నారు. పిల్లలవైపు తిరిగితే అందరూ రెండు చేతులూ ఎత్తి, "నో సార్!" అని ఒకటే కేకలు. ఆహా, ఎంత చక్కటి పెంపకం, పిల్లలకి కూడా ఎంత మొహమాటం అని మురిసిపోయాను. నేను ముందుకి వెళ్తుంటే వాళ్ళు వెనక్కి వెళ్తున్నారు. ఆ హడావిడిలో సంచి చిరిగి, పలుకులన్నీ బల్లల కిందికి దొర్లాయి. ఎక్కడో గంట గణగణ మోగింది. చూస్తుండగానే హాలు ఖాళీ అయిపోయి, బడి మొత్తం బయట చలిలో నిలబడింది.

చేతులనిండా ముగ్గుపిండితో పార్వతి మేడమ్ పరుగెత్తుకొచ్చారు.

"ఏటి సేసినావు బాబూ?"

"జీడిపప్పు పెట్టాను మేడమ్. అందరూ పారిపోయారు."

"ఆళ్ళు వద్దన్నేదా?"

"అన్నారు. మూడుసార్లు."

"మరేటి?"

"మూడుసార్లే కదా అని..."

ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. నెత్తంతా ముగ్గు. "ఇక్కడ కొందరు పిల్లలకి ఇది పడదు బాబూ. నోట్లో పడితే గొంతు వాసిపోయి పేనం మీదకొస్తాది. అందుకే బడిలోకే రానివ్వరంట!"

పిల్లలెవరైనా తిన్నారేమో అడగడానికి బయటికి పరుగెత్తాను. ఎవరూ తినలేదన్నారు. వాళ్ళు హాలు కడుగుతున్నంతసేపూ ఆ చలిలో ఓ మూల నిలబడ్డాను. అద్దం ముందు ఇంగ్లీషు మాట్లాడుకుంటున్న మా పిల్లలు గుర్తొచ్చి నిజంగానే ఏడుపొచ్చింది.

సాయంత్రం హెలెన్ గారు గదికి పిలిచారు. నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. ఈసారి ఆగిపోయాను.

"ఎవరు ఎంత బతిమాలినా వద్దనే చెప్పండి అని మా పిల్లలకి రోజూ నేర్పుతాం. మీ అంతగా బతిమాలే మనిషి మాకెక్కడా దొరకలేదు. అయినా ఒక్కరూ తీసుకోలేదు" అన్నారు. ఆపుకోలేక నవ్వేశారు. "మన రెండు బళ్ళూ కలిసి పనిచేద్దాం."

మొదటి వీడియో పాఠం రోజున మా పిల్లలు తలలకి నూనె దట్టించి కూర్చున్నారు. హెచ్చెమ్ గారిది ముందు కుర్చీ. అవతలి పిల్లలు, "మా బడి గేటుకి కొత్త బోర్డు తయారుచేశాం, చూడండి!" అంటూ ఒక బొమ్మ ఎత్తి చూపించారు. ఒక మీసాలాయన పళ్ళికిలిస్తూ సంచిలోంచి గుప్పెడు తీసి ఇస్తున్నాడు. ఆయన మీద అడ్డంగా లావుపాటి ఎర్రగీత.

హెచ్చెమ్ గారు తెరకి దగ్గరగా జరిగి, "ఈ మీసాలాయన్ని ఎక్కడో సూసినట్టున్నాదే!" అన్నారు. తొమ్మిదో తరగతి మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసింది.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా ఒక్కసారి వద్దంటే, చచ్చినా రెండోసారి అడగను. మొన్న మా బావమరిది భోజనానికి వచ్చి చేపల పులుసు దగ్గర "వద్దు బావా" అన్నాడు. తక్షణం గిన్నె లోపలికి తీసుకుపోయాను. "మా తమ్ముణ్ణి ఆకలితో పంపించీసినావు" అని మా ఆవిడ అలిగింది. ఆ రాత్రి ఆవిడ పులుసు వెయ్యబోతే నేను బెట్టుగా 'వద్దు' అన్నాను, అప్పట్నుంచీ నాకు పులుసు వెయ్యడం లేదు. నేనే సిగ్గు విడిచి అడిగితే, "ఒకపాలి వద్దన్నావు కదేటి?" అంటోంది.