తుపాకీ మరల మీద గోళ్ళరంగు

మొన్న ఆదివారం మనవరాలి వెంట రైఫిల్ రేంజికి వెళ్ళాను. జూబ్లీ హిల్స్‌లో బయల్దేరి టోలిచౌకి దాటేసరికి డ్రైవరుకు ఓపిక పోయింది గాని, నాకు మాత్రం దారంతా హుషారే. అక్కడ ఆ పిల్ల రైఫిల్‌ను బోర్లించి, ఇనుప భాగాన్ని కర్రకు పట్టి ఉంచే రెండు స్క్రూలను ఏదో పనిముట్టుతో తిప్పింది. చాలినంత బిగియగానే అది టక్కుమంటుంది, ఇక తిప్పక్కర్లేదు. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ రెండు స్క్రూల పుణ్యమా అని ఒకప్పుడు నా ఆటే ఆగిపోవలసింది.

సినిమా పరిశ్రమతో పాటే మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకుని ఫిలింనగర్‌కు వచ్చినవాళ్ళం మేము. నాన్నగారు ఒక సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు, అమ్మ హీరోయిన్లకు జడలు వేసే హెయిర్ డ్రెస్సరు. కాలేజీలో ఎన్.సి.సి.లో చేరి రైఫిల్ పట్టుకున్న నేను, ఇక దాన్ని వదలలేకపోయాను. ఆడపిల్లకు తుపాకీ ఏమిటని నాన్నగారికి ఒకటే బెంగ. ఆ ఏడాది రాష్ట్ర జట్టులోకి వస్తే సరే, రాకపోతే మానేయాలని షరతు పెట్టారు. అంతమాత్రాన ఆయనకు ప్రేమ లేదనుకునేరు. ఏటా దసరాకు కెమెరాలకు, లైట్లకు పూజ చేయించి అలవాటైన మనిషి కదా, ఆ ఏడు నేను సాధన చేసే రైఫిల్ క్లబ్బుకు కూడా వచ్చి, నేను కాల్చే రైఫిల్ స్క్రూలు ఊడదీసి, ప్రతి మరకూ నూనె పట్టించి, బిగించి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ వెళ్ళారు.

ఆ తర్వాత నా గుండ్లు ఒకచోట పడితే ఒట్టు. మొదట కాసేపు బాగానే ఉండేవి, ఆ తర్వాత తలో దిక్కుకూ పోయేవి. అందరూ నా కంటిని అనుమానించారు, నాన్నగారు బంజారా హిల్స్‌లో కళ్ళ డాక్టరుకు చూపించారు, నేను దిండులో తల పెట్టుకుని ఏడ్చాను. సెలక్షన్లు ముంచుకొస్తున్నాయి.

అమ్మకు తుపాకీ గురించి ఏమీ తెలియదు. కానీ నిన్నటి షాటులో బొట్టు ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉండాలని, ముంగురులు చెదరకూడదని రోజంతా కనిపెట్టుకుని ఉండే పని ఆవిడది. సెట్లో దాన్ని కంటిన్యుటీ అంటారు. షూటింగ్ నుంచి మేకప్ పెట్టెతోనే క్లబ్బుకు వచ్చి, బిగించిన స్క్రూ తల మీంచి పక్కనున్న ఇనుము మీదకు ఎర్రటి గోళ్ళరంగుతో సన్నగా గీత గీసింది. ఒక పూట కాల్చి చూద్దుము కదా, ఆ గీత రెండు ముక్కలై, ఒక ముక్క పక్కకు తిరిగి ఉంది, అంటే కాల్చినకొద్దీ స్క్రూ వదులవుతోందన్నమాట. క్లబ్బులో తుపాకులు చూసుకునే పెద్దాయన స్క్రూ ఊడదీసి వేళ్ళతో రుద్ది, “మరలకు గింత నూనె ఎవరు పోసిండ్రమ్మా?” అన్నాడు. నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆయన పెట్రోలు గుడ్డతో జిడ్డంతా తుడిచి, ముందుదీ వెనకదీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా, కర్ర నలగకుండా బిగించాడు. అమ్మ మళ్ళీ గీత గీసింది. ఇక అది చెక్కుచెదరలేదు. సంగతి తెలిశాక నాన్నగారు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, “అయితే పిల్ల కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట” అన్నారు, అంతే.

తీరా సెలక్షన్లలో వెంట్రుకవాసిలో జట్టులో చోటు తప్పిపోయింది. సాధన చెడి పోయిన రోజులు పోయినట్టే. షరతు ప్రకారం మానేయాలని సిద్ధపడి కూర్చున్న నన్ను, మర్నాడు పొద్దున నాన్నగారే స్కూటరెక్కించుకుని రేంజి దగ్గర దింపారు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నట్టు తలాడించి వెళ్ళిపోయారు.

ఇప్పుడు మా మనవరాలికి ఎవరూ గడువు పెట్టలేదు, పెట్టాలన్న ఆలోచన కూడా ఇంట్లో ఎవరికీ రాలేదు. చూస్తుంటే కడుపు నిండినట్టుంటుంది. అయితే ఆ పిల్ల ఫోను చూసుకుంటూ రేంజి మెట్లు ఎక్కుతుంది. అనుమతి దొరికి ఎక్కినదాన్ని కాబట్టేమో, నేను మాత్రం ఆ మెట్లను ఇప్పటికీ ఒక్కొక్కటే చూసుకుంటూ ఎక్కుతాను.