దానికేం రాదు

మా నేతగాళ్ల వాడలో పొద్దున్నే పడుగు సాపేవారు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గుంజలు పాతి, నూలు పోగులు బారుగా లాగి కట్టి, గంజి పట్టించి ఆరబెట్టేవారు. అటువైపు ఇళ్లవాళ్లు ఇటు రావాలంటే వీధంతా చుట్టి రావాల్సిందే. నాకంత ఓపిక ఎక్కడిది? లంగా ఎగదోపి, నా నడుమెత్తు ఉన్న పడుగు మీది నుంచి ఒక్క దూకు దూకేదాన్ని. ఒక్క పోగు తెగినా బాపు నా వీపు విమానం మోత మోగించేవాడు కాబట్టి, తగలకుండా దూకడం చిన్నప్పుడే వచ్చేసింది.

చూసినవాళ్లు "జింక తీరు దుంకుతుంది గదా నీ బిడ్డ" అనేవారు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ వెంటనే "ఏం దుంకుడు, దానికేం రాదు" అనేది. అన్నం వండినా అదే మాట, ఎక్కాలు అప్పజెప్పినా అదే మాట. వినీ వినీ నాకేం రాదని నేను గట్టిగా నమ్మేశాను. అవ్వ మాటే నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతాం?

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులు. హైస్కూల్లో డ్రిల్లు సారు మాకు హైజంప్ నేర్పేవారు. రెండు కర్రల మధ్య ఒక వెదురు, దాని అవతల ఇసుక. ఎవరూ లేనప్పుడు అవలీలగా దాటేదాన్ని. నలుగురు చేరితే చాలు, వెదురు కింద పడేది. కరీంనగర్‌లో జిల్లా పోటీలు ఇంకో వారంలో ఉన్నాయనగా కూడా అదే తంతు. ఆ ఏటితో నా చదువు ఆఖరు. ఈ పోటీలో గెలవకపోతే ఇంక దూకే యోగమే లేదు. నాకు ఏడుపొచ్చింది, సారుకు కోపమొచ్చింది.

"ఉరికేటప్పుడు నోట్లె ఏం గునుగుతున్నవ్ బేటా?"

"నాకు రాదు అనుకుంటున్న సార్."

"ఎవలు చెప్పిండ్రు?"

"మా అవ్వ."

ఆ సాయంత్రమే సారు సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. అవ్వ తలుపు చాటున నిలబడి, నాకెప్పుడూ చెప్పని సంగతి ఆయనకు చెప్పింది. నాకు ముందు పుట్టిన ఇద్దరినీ ఊరంతా తెగ ముద్దు చేసిందట. ఇద్దరినీ మశూచి తీసుకుపోయింది. "నరుని దిష్టికి నల్లరాయి పలుగుతది సారూ. గందుకే దీన్ని ఎవలు మెచ్చుకున్నా దీనికేం రాదని అంటున్న."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ నన్ను దాచడానికి ఇంత అబద్ధమాడుతుందా? సారు మాత్రం నవ్వలేదు. తన పిల్లల మెడల్లో తాయెత్తులు కట్టిన మనిషాయన.

"లోకానికి రాదనే చెప్పమ్మా. బిడ్డకు మాత్రం వస్తదని జర చెప్పు."

అవ్వ ఆ మాట దాటేసింది. "నేను గూడ కరీంనగర్ వస్త" అని మాత్రం అంది.

వెళ్తూ వెళ్తూ సారు నాతో అన్నారు: "అవ్వ అనకున్నా నువ్వు అనుకో. ఉరికే ముందు 'నాకొస్తది' అను. దిష్టి తాకితే నాకు తాకనీ, నువ్వు ఫికర్ చెయ్యకు."

వారమంతా అనుకున్నాను. మొదట్లో దొంగతనం చేస్తున్నట్టే ఉండేది. నాలుగో రోజుకు నోరు తిరిగింది.

పోటీలో చివరికి ఒక పొడుగు పిల్ల, నేను మిగిలాం. ఇద్దరం వెదురును రెండేసి సార్లు పడగొట్టాం. ఇద్దరికీ మిగిలింది మూడోది, ఆఖరి దూకు ఒక్కటే. ముందు నా వంతు. నాకొస్తది అనుకున్నాను. అయినా కాళ్లు కదల్లేదు. జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నిలబడ్డ ఒకామె పక్కనున్న అవ్వను అడగడం నాకు వినబడింది. "ఆ సన్నపు పోరి ఎవల బిడ్డనో, ఇగ దాని పని అయిపాయె గదా?"

అవ్వ ఏమంటుందో నాకు తెలుసు. పుట్టిన దగ్గర నుంచీ వింటున్నదే.

అవ్వ కొంగు నడుముకు చుట్టి తాడు దగ్గరికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. చుట్టుపక్కల అందరూ వినేటట్టు అంది: "నా బిడ్డ. దానికి వస్తది. చూస్తుండుండ్రి."

ఎలా పరుగెత్తానో గుర్తులేదు. ఇసుకలో పడి తల తిప్పి చూస్తే వెదురు ఉన్నచోటే ఉంది. తరువాత ఆ పొడుగు పిల్ల పరుగెత్తి వచ్చింది, వెదురు కింద పడింది. సారు టోపీ పైకి విసిరేశారు. వినయంగా తల దించుకోవాలని ఎవరో అన్నారు. నేను దించలేదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "నాకొస్తది" అని చెప్పుకుంటూ మైదానమంతా తిరిగాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

ఇంటికి పోవడానికి చొప్పదండి బస్సెక్కాక అవ్వ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. పెదాలు కదులుతున్నాయి. దేవుడికి మొక్కుతోందేమోనని చెవి దగ్గర పెట్టాను.

"ఏం గాదు. నా బిడ్డకు ఏం గాదు. ఏం గాదు."

బస్సులో అందరూ వింటుండగా నేనూ గొంతు కలిపాను.