సంతాప సభలో బీజగణితం

ఏమర్రా, మౌనం పాటించడానికి అందరూ లేచి నిలబడిన చోట "కూర్చోండి" అని ఆర్డరు వేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడలేదు కదూ. అయితే చూడండి, మీ ఎదురుగానే ఉంది. మీ అమ్మమ్మే!

నవ్వకు రమ్యా. మొత్తం విన్నాక నవ్వాలో ఏడవాలో నువ్వే తేల్చుకో. నాకైతే నిన్నటి నుంచీ తేలడం లేదు. చిట్టీ, ఆ ఫోను పక్కన పెట్టు నాన్నా. వరసగా చెప్తాను. మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే చివరికి ఏమీ అర్థం కాదు.

నరసన్నపేట దగ్గర నేను పనిచేసిన హైస్కూల్లో దానియేలు అని ఒక పిల్లవాడు చదువుకున్నాడు. నా దగ్గరే లెక్కలు నేర్చుకున్నాడు. నేను రిటైరయ్యాక కొన్నాళ్ళకి అదే స్కూలుకి లెక్కల మాస్టారుగా వచ్చాడు. నేను కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. వాళ్ళమ్మ కరుణమ్మ కళింగపట్నంలో చేపలు అమ్ముతుంది. ఉన్నది వాళ్ళిద్దరే. పెళ్ళి మాట ఎత్తితే "ఈ బేచ్‌ని పదో తరగతి గట్టెక్కించనీ అమ్మా" అనేవాడట. ప్రతి ఏడూ ఒక బేచ్ ఉంటుంది కదా, ఇక పెళ్ళెప్పుడు?

కిందటి నెల ఒక ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి, గుండెల్లో మంటగా ఉందని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

అవునమ్మా, చిన్నవాడే. నలభై కూడా నిండలేదు.

మొన్న హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. "మేడమ్, స్కూల్లో సంతాప సభ పెట్టాం. దానియేలు మీ శిష్యుడు కదా, మీరు వచ్చి రెండు మాటలు మాట్లాడాలి" అన్నాడు. సరేనన్నాను. రెండు మాటలే కదా! ముప్ఫై ఏళ్ళు నోరు పెట్టుకుని బతికినదాన్ని, ఆ మాత్రం మాట్లాడలేనా?

బస్సులో దారి పొడుగునా ప్రాక్టీసు చేసుకున్నాను. "దానియేలు మంచి విద్యార్థి. దానియేలు మంచి ఉపాధ్యాయుడు." ఆ తర్వాత మాట రావడం లేదు. మళ్ళీ మొదటికి. పక్క సీటు అమ్మాయి నా పెదాల కదలిక చూసి జరిగి జరిగి, చివరికి లేచి వెళ్ళి నిలబడింది. ఆ సీట్లో నా సంచీ పెట్టుకున్నాను. అంతవరకూ బాగానే జరిగింది.

స్కూలు హాల్లోకి వాననీరు వచ్చేసిందట. అందుకని సభ తొమ్మిదో తరగతి గదిలో పెట్టారు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, కొంపంతా ఇక్కడే మునిగింది. హాల్లో అయితే మైకు ఉంటుంది. తరగతి గదిలో బోర్డుంటుంది!

ముందు బెంచీల్లో పిల్లలు. వెనక టీచర్లు, ఊరి పెద్దలు, పాస్టరు గారు. బోర్డు మీద డ్రాయింగ్ మాస్టారు రంగు చాక్‌పీసులతో చుట్టూ పువ్వులు వేసి, మధ్యలో పెద్ద అక్షరాలతో 'సంతాప సభ' అని రాశాడు. చాలా అందంగా రాశాడు పాపం.

కరుణమ్మ మొదటి బెంచీ చివర, పిల్లల పక్కనే ముడుచుకుని కూర్చుంది. నేను వెళ్ళి పలకరించగానే నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నువ్వేనా మా గుంటడికి లెక్కలు సెప్పిన టీచరమ్మవి? ఆడు బళ్ళో ఎలాగుండీవోడో నాకు తెల్దమ్మా. నానెప్పుడూ సూడనేదు. పిల్లల ముందర ఎలాగ నిలబడీవోడు, ఏటి మాటాడీవోడు... అదొక్కటీ సెప్పు. ఇంకేటీ వొద్దు."

"తప్పకుండా చెప్తానమ్మా" అన్నాను. మాటిచ్చేశాను. ఆవిడ ఆ మాట కోసమే పొద్దున్నే వానలో బస్సెక్కి వచ్చింది.

పాస్టరు గారు ప్రార్థన చేశారు. తర్వాత హెడ్మాస్టరు లేచాడు. "ఇప్పుడు అందరం మౌనం పాటిద్దాం. ఆ వెంటనే మేడమ్ గారు మాట్లాడతారు" అని నన్ను ముందుకు పిలిచాడు. వెళ్ళాను. అందరూ లేచి నిలబడ్డారు.

గది నిశ్శబ్దమైపోయింది. బయట వాన చప్పుడొకటే. బల్ల మీద వాడి ఫొటో ఉంది. చొక్కా జేబులో రెండు పెన్నులతో నవ్వుతున్నాడు. కళ్ళనీళ్ళు పిల్లలకి కనపడకూడదని బోర్డు వైపు తిరిగిపోయాను.

చూడండి, మనిషికి దుఃఖం వస్తే బుర్ర పనిచేయడం మానేస్తుంది. చేతులు మానవు. నా చేతికి డస్టరు తగిలింది. తగలగానే ఏం చేసింది నా చెయ్యి? బోర్డు తుడిచింది. పువ్వులూ పోయాయి, 'సంతాప సభ' కూడా పోయింది. మూల నుంచి మూలకి నున్నగా తుడిచేశాను. తుడిచి, కుడి పక్క పైన తేదీ వేశాను. మధ్యలో 'బీజగణితం' అని రాసి కింద గీత గీశాను. అప్పుడు ఇటు తిరిగాను.

తరగతంతా లేచి నిలబడి ఉంది! టీచరు లోపలికి వస్తే పిల్లలు లేచి నిలబడతారు కదా. నిలబడితే మనం ఏమంటాం?

"కూర్చోండి" అన్నాను.

బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. పిల్లలు కూర్చున్నారు. వాళ్ళని చూసి టీచర్లు, పెద్దలు కూర్చున్నారు. పాస్టరు గారు కళ్ళు మూసుకుని ఉన్నారేమో, ఒక్క క్షణం ఆలస్యంగా కూర్చున్నారు.

పోనీ, అక్కడైనా ఆగొచ్చు కదా? ఆగలేదు. ఆగితే ఆ ఫొటో వైపు చూడాలి. చూసి, 'దానియేలు ఉండేవాడు' అనాలి. ఆ 'ఉండేవాడు' నా నోట రాదు. నోటికి వచ్చింది ఒక్కటే. కొత్త తరగతికి మొదటిరోజు నేను పుస్తకం తెరిచేదాన్ని కాదు. నా క్లాసులో ఎలా ఉండాలి, ఏడాదిలో ఏ పాఠం ఎప్పుడు చెప్పుకుంటాం, అది చెప్పేదాన్ని. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

"పిల్లలూ! మనం ఈ ఏడు బీజగణితం నేర్చుకోబోతున్నాం. నా క్లాసులో తప్పు చెయ్యొచ్చు, దాచకూడదు. రబ్బరు బయటికి తీయొద్దు. తప్పుని ఒక్క గీతతో కొట్టేసి కింద మళ్ళీ చేయండి. ఎక్కడ జారారో రేపు మీకే కనపడాలి..."

"మేడమ్..." అని హెడ్మాస్టరు మెల్లగా దగ్గాడు.

"దగ్గొస్తే బయటికెళ్ళి నీళ్ళు తాగి రా బాబూ" అన్నాను.

వెళ్ళిపోయాడమ్మా! హెడ్మాస్టరు! తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఒక పెద్దాయన పాస్టరు గారి చెవిలో ఏదో గొణిగాడు. "వెనక బెంచీ! మాటలొద్దు" అన్నాను. ఇద్దరూ సర్దుకుని చేతులు కట్టుకున్నారు.

"ముందు బహుపదులు. తర్వాత కారణాంక విభజన. దసరా సెలవుల లోపు అది అయిపోవాలి. సెలవుల తర్వాత రెండు చరరాశుల సమీకరణాలు. సంక్రాంతి దాటాక కొత్త పాఠం ఉండదు, అంతా పునశ్చరణ..."

"ఏటమ్మా ఇది?"

కరుణమ్మ. లేచి నిలబడింది.

"నా గుంటడి కోసం సెప్తావని అంత దూరం నుంచి వొచ్చినాను. నువ్వేటి, లెక్కలు సెప్తన్నావు?"

నా చేతిలో చాక్‌పీసు కిందపడి విరిగింది. అప్పుడు తెలివొచ్చింది నాకు. బోర్డు చూశాను. తుడిచేసిన పువ్వుల రంగు ఇంకా నా కొంగుకి అంటుకుని ఉంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొడుకు పోయిన తల్లి ఎదురుగా నిలబడి కారణాంక విభజన చెప్పానురా నేను!

"క్షమించమ్మా, నాకు మాట రాక..." అంటున్నాను, ఇంతలో రెండో బెంచీలో ఒక ఆడపిల్ల లేచింది. కీర్తన అని, చిన్న పిల్ల, రెండు జడలు.

"మామ్మా, మా సారు కూడా ఇలాగే చెప్పేవోరు. స్కూలు తెరిచిన మొదటిరోజు. రబ్బరు బయటికి తీయొద్దని, తప్పు దాచొద్దని. ఈ టీచర్ చెప్పినట్టే. అచ్చంగా ఇలాగే నిలబడి."

కరుణమ్మ ఆ పిల్ల వైపు చూసింది. నా వైపు చూసింది. మెల్లగా కూర్చుంది.

"అలగా? అయితే సెప్పమ్మా" అంది. "ఇంకేటి సెప్పీవోడు?"

ఈసారి బుర్ర నా దగ్గరే ఉంది. కావాలనే మొదలుపెట్టాను. "జవాబు వచ్చింది కదా అని గంతులు వేయకండి..." అని ఆగాను.

"మెట్లు రాయండి!" అన్నారు పిల్లలు.

"అర్థం కాకపోతే..."

"చెయ్యెత్తక్కర్లేదు, అరవండి!"

నా మాటలేరా అవి! నేను ఆ బడి వదిలేసిన తర్వాత పుట్టిన పిల్లల నోట్లో నా మాటలు. వాడు ఏటేటా ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్తూ వచ్చాడు. నాకు ఒక్కసారీ చెప్పలేదు. పండక్కి ఫోన్ చేసి "బాగున్నారా మేడమ్" అని పెట్టేసేవాడు, అంతే.

"సమీకరణం అంటే భయపడకండి. అది ఒక..." అన్నాను. 'త్రాసు' అని నా మాట.

"మా అమ్మ తక్కెడ!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

ఇది నా మాట కాదు. కీర్తన వైపు చూశాను.

"సారు అలాగే అనేవోరు టీచర్. 'సమీకరణం మా అమ్మ తక్కెడ లాంటిది. మా అమ్మ కళింగపట్నంలో చేపలు తూస్తుంది. ఒక పళ్ళెంలోంచి ఏది తీసినా రెండో పళ్ళెంలోంచి కూడా తీయాలి. ఒక పక్క వేస్తే రెండో పక్కా వేయాలి. మా అమ్మ చేతిలో తక్కెడ ముల్లు ఎప్పుడూ నిటారుగా నిలబడుతుంది' అని."

కరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. అయ్యో, ఏడిపించేశాం అనుకుని నేను దగ్గరికి వెళ్ళాను. ఏడవడం లేదు, నవ్వుతోంది!

"ఓలమ్మా! ఎంత అబద్దాలకోరు గుంటడు! ఆ తక్కెడ ఏనాడు సరిగ్గా నిలబడ్డాదమ్మా? ఒక పళ్ళెం దిగిపోయీది. కొనీవోళ్ళు నన్ను తిట్టీవోరు. ఈడు ఇంతున్నప్పుడు ఇసకలో ఎతికి, సిన్న రాయి ఒకటి తెచ్చి రెండో పళ్ళేనికి కట్టినాడు. అప్పుట్నుంచే సరిగ్గా తూగినాది."

నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోను. "ఆ రాయి బరువెంతమ్మా?" అని అడిగాను.

"ఎవులికి తెలుసు? ఎవులు తూసినారు?"

"ఎక్స్!" అని అరిచాడు పిల్లల్లో చివరి బెంచీవాడొకడు.

గదంతా గొల్లుమంది. పాస్టరు గారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. కరుణమ్మ నవ్వింది, నేను నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో నేను చెప్పలేను. అంతమంది పిల్లలు ఒక్కసారి ఏడిస్తే ఎలా ఉంటుందో నేను ఇన్నేళ్ళ సర్వీసులో వినలేదు. ఇక వినకూడదు.

కాసేపటికి గుమ్మం దగ్గర గొంతు వినపడింది. "మే ఐ కమిన్ మేడమ్?" చూస్తే హెడ్మాస్టరు, చేతిలో నీళ్ళ గ్లాసు. పాపం, అంతసేపూ వరండాలోనే నిలబడ్డాడు. పాస్టరు గారు కూడా లేచి, "మేడమ్, ముగింపు ప్రార్థన చేసుకోవచ్చా?" అని నన్ను పర్మిషన్ అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి!

వెళ్ళేటప్పుడు కరుణమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "ఆడి మాట ఇన్నానమ్మా" అంది. "ఎన్నిసార్లు రమ్మన్నాడో బడికి. నానే రానేదు. సేపల వాసనొస్తాది, పిల్లల ముందర ఆడికి నామోషీ అని." బస్సు వచ్చింది, ఎక్కేసింది. కిటికీలోంచి నా వైపు చూసిందో లేదో, అద్దం మీద వాననీళ్ళల్లో నాకు కనపడలేదు.

నేనూ సంచీ తీసుకుని బయల్దేరుతుంటే కీర్తన ఎదురొచ్చింది, వెనక నలుగురైదుగురు.

"టీచర్, బహుపదులు ఎప్పుడు మొదలుపెడతారు?"

"ఎవరమ్మా?"

"మీరే. దసరా లోపు కారణాంక విభజన అయిపోవాలన్నారు కదా. సారు పోయిన కాడి నుంచి మాకు లెక్కలు ఎవరూ చెప్పట్లేదు."

హెడ్మాస్టరు వైపు చూశాను. దగ్గుతాడేమోనని. దగ్గలేదు. "రెండో పీరియడు ఖాళీగానే ఉంది మేడమ్" అన్నాడు, గోడ మీద టైంటేబిల్ వైపు చూస్తూ.

ఏమనను? అంతమంది పెద్దల ముందు, పాస్టరు గారి సాక్షిగా, సంక్రాంతి దాకా ప్లాను చెప్పిందెవరు? సంతాప సభకి వెళ్ళినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ ఇంటికొస్తారు. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో, ఉద్యోగం తెచ్చుకుని వచ్చినదాన్ని నేనొక్కదాన్నే!

ఏంట్రా చిట్టీ? ఆ రాయి ఇంకా తక్కెడకి ఉందా అనా? నేనూ అడగలేదురా. అడిగేలోపే బస్సొచ్చేసింది.

సరే, లేవండి లేవండి. తాటిపండు గుజ్జు సగం తీసి అలాగే వదిలేశాను, ఈగలు ముసురుకుంటాయి. గారెలు కావాలంటే ఆ పళ్ళెం ఇటు అందుకో రమ్యా. రేపు పొద్దున్న నాకు కుదరదు. రెండో పీరియడు నాదే.