మాధవీలత ఫిల్టరుకు పట్టించిన నూనె

గుడివాడలో కారు నడిపే ఆడవాళ్ళలో చాలామంది మాధవీలత చేత తిట్లు తిన్నవాళ్ళే. ఆవిడ డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. మనిషి మంచిదే, నోరే కాస్త పెద్దది. అత్తింటివాళ్ళు ముఖం ముడుచుకున్నా లెక్కచెయ్యకుండా పాత కారొకటి కొని, పక్క సీటు ముందు కూడా క్లచ్చీ బ్రేకూ పెట్టించుకుని నేర్పడం మొదలుపెట్టింది. ఆ కారంటే ఆవిడకు ప్రాణం. అసలు గొడవంతా ఆ ప్రేమతోనే వచ్చింది.

ఊరి చుట్టూ రైసు మిల్లులు. ఊక దుమ్ముకు తోడు కోతలప్పుడు రోడ్ల మీద ఆరబోసిన వడ్ల దుమ్ము. ఇంజను గాలి పీల్చే చోట ఉండే కాగితం ఫిల్టరు ఇట్టే మూసుకుపోయేది. మార్చి మార్చి విసుగొచ్చి ఆవిడ స్పేర్ పార్టుల కొట్టు వాసు దగ్గరికి వెళ్ళింది. బయటికి కనబడే గరాటులాంటి ఫిల్టరును కుర్రాళ్ళు మోత కోసం కొంటారనీ, అది ఇంజను దగ్గరి వేడి గాలినే పీలుస్తుందనీ చెప్పి వాసు దాన్ని పక్కన పెట్టేశాడు. చివరికి పాత డబ్బాలోనే సరిగ్గా కూర్చునే నూలు గుడ్డ ఫిల్టరు కుదిరింది. దాన్ని కడిగి మళ్ళీ వాడుకోవచ్చు.

"కడిగాక నీడలో బాగా ఆరనివ్వండి మేడమ్. తర్వాత ఈ నూనె పల్చగా పట్టించి, ఎక్కువైంది తుడిచెయ్యండి," అన్నాడు వాసు.

మొదటిసారి కడిగినప్పుడు నీడలో ఆరబెట్టడం దాకా అతను చెప్పినట్టే చేసింది. నూనె దగ్గరికొచ్చేసరికి ఆవిడలోని ఆవకాయ పెట్టే ఇల్లాలు నిద్రలేచింది. జాడీలో నూనె పైకి తేలకపోతే బూజు పట్టదూ? దీనికైనా అంతే అనుకుని సీసా దాదాపు ఒంపేసింది. బొట్లు కారుతుండగానే డబ్బాలో పెట్టి మూత బిగించి, చేసిన పనికి తనే మురిసిపోయింది.

ఆ వారమే గుడ్లవల్లేరు నుంచి అరుణకుమారి నేర్చుకోవడానికి వచ్చింది. యాభై దాటిన రైతు ఇల్లాలు. భర్త ధర్మారావుకు చూపు మందగించి, ఇంట్లో కారు కవరు కప్పుకుని కూర్చుంది. అవనిగడ్డలో ఉన్న అక్కను చూడాలన్నా, బందరు ఆస్పత్రికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి. ఆ బతిమాలుకోవడం పడకే వచ్చింది. చెప్పులు విప్పి పక్కన పెడితే గానీ పెడల్ మీద కాలు వేసేది కాదు. మలుపు రాగానే ఎక్సలేటరు పూర్తిగా వదిలేసి నెమ్మదిగా క్లచ్ తొక్కేది. సరిగ్గా అప్పుడే కారు ఆగిపోయేది.

తోటి విద్యార్థులు భరత్, సుష్మిత కాలేజీ పిల్లలు. వాళ్ళు ఎక్సలేటరు తొక్కుతూనే ఉంటారు కాబట్టి వాళ్ళ చేతిలో కారు ఆగింది తక్కువ. మాధవీలతకూ అదే అలవాటు. అందుకే ఆవిడకు తప్పు అరుణకుమారి కాళ్ళలోనే కనబడింది.

ఒకరోజు బస్టాండు సెంటర్లో వెనక బస్సు హారన్ కొడుతుండగా కారు మళ్ళీ ఆగింది.

"ఎన్నిసార్లు చెప్పాలండీ? మీ వల్ల కాదు. ఈ వయసులో మీకెందుకు చెప్పండి," అంది మాధవీలత.

వెనక సీట్లో పిల్లలిద్దరూ కిసుక్కున నవ్వారు. అరుణకుమారి చెప్పులు చేత్తో పట్టుకుని దిగి, అలాగే ఉత్తకాళ్ళతో బస్టాండులోకి నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత మాధవీలత కొత్తగా చేరినవాళ్ళకు అరుణకుమారి సంగతి నవ్వుతూ చెప్పేది. కొన్నాళ్ళకు తనే నడుపుతూ, ఒక మిల్లు దగ్గర లారీ అడ్డం తిరుగుతుంటే, ఎక్సలేటరు వదిలేసి ఆగింది. కారు ఆగిపోయింది. స్టార్ట్ చేసింది. మళ్ళీ ఆగిపోయింది. బానెట్ ఎత్తి ఫిల్టరు డబ్బా విప్పితే అడుగున నూనె మడుగు కట్టి ఉంది. గాలిని కొలిచే చిన్న సెన్సరు నిండా అదే నూనె జిడ్డు. గాలి లెక్క తప్పి, కాలు తీసిన ప్రతిసారీ ఇంజను ఆగిపోతోంది.

సెన్సరు శుభ్రం చేయించింది. ఫిల్టరు మళ్ళీ కడిగి, ఆరబెట్టి, ఈసారి నూనె పల్చగా పట్టించి తుడిచింది. కారు బాగుపడింది. ఆవిడకే ముద్ద దిగడం లేదు. నూనె పోసింది తను, తిట్లు తిన్నది అరుణకుమారి. పద్ధతిగా కాలు తీసినందుకు నలుగురిలో నవ్వులపాలు చేశానే అని తనను తనే తిట్టుకుంది. ఫోన్ చేద్దామని తీసి, సిగ్గేసి పక్కన పెట్టేసింది. చివరికి ఒక పొద్దున బయలుదేరి గుడ్లవల్లేరు వెళ్ళింది.

అరుణకుమారి కాఫీ ఇచ్చి, చెప్పిందంతా విన్నది.

"కారు ఆగినప్పుడల్లా నా కాళ్ళనే తిట్టుకున్నానండీ," అంది నెమ్మదిగా. "మా కారు అమ్మేద్దామని నేనే అన్నాను. ఈ ఆదివారం ఎవరో చూడ్డానికి వస్తున్నారు."

"క్షమించండి అరుణగారూ. తప్పు నాది."

"నాకొక్కదానికే ఇంట్లో కూర్చుని చెప్తే సరిపోతుందా? అన్నది సెంటర్లో కదండీ. ఆ పిల్లల ముందు కదా."

మాధవీలత తలూపి లేచింది.

ఆదివారం లోపలే, అదే బస్టాండు సెంటర్లో, అరుణకుమారిని స్టీరింగు ముందు, భరత్‌నూ సుష్మితనూ వెనక కూర్చోబెట్టుకుని చెప్పింది. ఫిల్టరుకు నూనె ఎక్కువ పోసింది తనేననీ, ఈవిడ నడపడంలో తప్పు లేదనీ, ఆ రోజు అన్న మాట తప్పనీ. చెప్తుంటే చెవులు కాలిపోయాయి. భరత్ తల దించుకున్నాడు. "సారీ ఆంటీ," అంది సుష్మిత.

అరుణకుమారి చెప్పులు విప్పి పక్కన పెట్టి స్టార్ట్ చేసింది. కారు కదిలి, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఈసారి నిజంగానే క్లచ్ తొందరగా వదిలింది. వెనక బస్సు హారన్ కొట్టింది. ఎవరూ నవ్వలేదు. మాధవీలత అలవాటుగా నోరు తెరవబోయి పెదవి కొరుక్కుంది.

"ఈసారి తప్పు నాదేనండీ," అంది అరుణకుమారి మామూలుగా, తాళం మళ్ళీ తిప్పుతూ.

ఎంత తేలిగ్గా ఒప్పుకుంది ఈవిడ అనుకుంది మాధవీలత. తనకు ఈ మాట అనడానికి ఇన్ని రోజులు పట్టింది. కారు సెంటరు దాటి బందరు రోడ్డెక్కింది. కారు చూడ్డానికి ఆదివారం ఎవరినీ రావద్దనమని ధర్మారావుకు చెప్పమంటూ భరత్ చేతికి అరుణకుమారి తన ఫోన్ ఇచ్చింది.